వరుస తప్పిన కొండ

హాలిఫాక్స్‌లో ఆ చలికాలం
ఊరు మొత్తానికి వెచ్చగా ఉన్న గది ఒక్కటే,
తివాచీల మిల్లు వెనక, కంప్యూటరు గది.
పగలంతా అది జీతాలు లెక్కవేసేది.
రాత్రి పది దాటితే దానికీ నాకూ పెద్దగా పనుండేది కాదు.
అమ్మకాల గ్రాఫులు గీయడానికి కొన్న ప్లాటరుకి
కాగితం చుట్టలు మార్చేవాణ్ణి, పెన్నులో సిరా పోసేవాణ్ణి.
వేళ్ళ సందుల్లో నలుపు ఆదివారానికి కూడా వదిలేది కాదు.
నా ఇంటిపేరుకి నోరు తిరగక
ఎనిడ్ గ్రీన్‌వుడ్ నన్ను ‘ఇంక్’ అనేది.

జీతాల సెక్షన్లో కార్డులకు చిల్లులు కొట్టే అమ్మాయి.
అమ్మాయి అంటే, నలభై రెండేళ్ళు.
చేతిలో బిస్కెట్ల డబ్బా,
మూత మీద గుర్రబ్బండి బొమ్మ,
లోపల ఒక కొండ.

మిల్లు కిటికీలోంచి రోజూ కనపడే కొండే.
గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసి
అడ్డం ఎంత, నిలువు ఎంత అని గడిగడికీ కొలిచి
ఆరు నెలల భోజనం గంటలు ఖర్చుపెట్టి
నాలుగు వందల పన్నెండు కార్డులు చేసింది.
‘కెమెరాలున్నాయి కదా’ అన్నానొకసారి.
‘కెమెరాకి కన్నుంది, ఇంక్.
కన్ను లేనిదానికి కొండని ఎలా చెప్పాలో
అదీ నాకు కావలసింది.’

ఫిబ్రవరిలో ఒక రాత్రి, మెట్ల మీద మంచు.
డబ్బా జారింది.
రెండంతస్తుల కిందిదాకా కార్డులు.
ప్రోగ్రాము కట్టకి రబ్బరు బ్యాండు వేసుంది, అది బతికింది.
కొండ మాత్రం చెల్లాచెదురు.
వరుస నంబర్లు కొట్టలేదా అన్నాను.
జీతాల కార్డులకైతే కొట్టేదట.

మోకాళ్ళ మీద కూచుని ఇద్దరం ఏరాం.
ఏది శిఖరమో ఏది లోయో నాకేం తెలుసు!
ఆమె ఒక్కో కార్డునీ దీపానికి ఎత్తిపట్టి
చిల్లుల్లోంచి చదవడం మొదలుపెట్టింది.
పదకొండోదానితో ఆపేసింది.
‘ఇలాగే పెట్టు’ అంది.

డ్రమ్ము కాగితాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటే
పెన్ను కుడికీ ఎడమకీ
అంగుళంలో నూరోవంతు అడుగులేస్తూ
బెల్లం ముక్క మోస్తున్న చీమలా, తల ఎత్తకుండా
శిఖరం నుంచి కాలవగట్టుకి,
అక్కణ్ణుంచి గొర్రెల దొడ్డి గోడకి, మళ్ళీ శిఖరానికి,
చుక్కల లెక్క తప్పిన ముగ్గులా
గీతని గీత తొక్కుకుంటూ పోయింది.
మా అమ్మయితే నీళ్ళు చల్లి తుడిచేసేది.

నాలుగింటికి నాకు కునుకు పట్టింది.
పెన్ను ఒకచోట ఇరుక్కుని సిరా కక్కింది.
బఠాణీ గింజంత మరక.
ఏం అంటుందోనని గోడకి అతుక్కుని నిలబడ్డాను.
ఎనిడ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.
అది కొండ కాదు.
కానీ పొగమంచులో దారి తప్పి
తిరిగిన చోటే తిరిగినవాళ్ళకి
కొండ అచ్చం అలాగే ఉంటుంది.

ఊరి చిత్రకళా సంఘం పదిహేను రోజుల్లో తిప్పి పంపేసింది.
యంత్రం గీసినవి ప్రదర్శనకు తీసుకోమని ఉత్తరం.
ఉత్తరం మటుకు టైపు మిషను మీదే కొట్టారు.

వాళ్ళ నాన్న హెర్బర్ట్
నలభై ఏళ్ళు మగ్గాలకి అట్టలు కొట్టినవాడు.
తివాచీలో గులాబీ ఎక్కడ తేలాలో
దారం కంటే ముందు అట్టకి చెప్పినవాడు.
ఆ రొదకి చెవులు ఎప్పుడో పోయాయి.
ఉత్తరం పక్కకి నెట్టి, బొమ్మని వంటింటి బల్ల మీద పరిచి
చూపుడువేలితో ఒక గీత పట్టుకుని
చాలాసేపు నడిచాడు.
‘చిల్లులు కొట్టిందెవరు?’ చెవిటివాళ్ళు అడిగేంత గట్టిగా.
ఎనిడ్ తన గుండె మీద వేలు పెట్టుకుంది.
గీత వెంట ఇంకా వెళ్ళి, మరక దగ్గర ఆగాడు.
‘మరి ఇది?’
ఆమె నావైపు చూపించింది.

ముసలాయన నా మొహం చూడలేదు,
చేతివేళ్ళు చూశాడు.
టీ తాగుతావా అన్నాడు.